చేపల లెక్క

జనవరి మొదటి ఆదివారం.
వేల్స్‌లో, మూతపడ్డ పలకల గనికి పైన, నల్ల సరస్సు.
పదకొండు మందిమి. నెస్ట్‌ని కలిపితే పదకొండున్నర.
ఫ్లాస్కులు మాత్రం మూడే.

ఊళ్ళో మమ్మల్ని ఈగలు తోలుకునేవాళ్ళంటారు.
తప్పు.
మేం ఈగల్ని తయారుచేసేవాళ్ళం.
కోడిమెడ ఈక, కుందేలు చెవి వెంట్రుకలు,
మెడ దగ్గరో ఇత్తడి పూస, నడుముకి ఎర్రదారం.
వారమంతా దీపం కింద కూర్చుని కట్టి
ఆదివారం తెచ్చి నీళ్ళకిచ్చేస్తాం.
నీళ్ళు పుచ్చుకుంటాయి.
రసీదివ్వవు.

గురువారం లారీ వచ్చింది.
లావుపాటి గొట్టంలోంచి రెండొందల ట్రౌట్లు
ఒకదాని మీదొకటి జారి సరస్సులో పడ్డాయి.
నేనే లెక్కపెట్టాను, బిల్లు నా సంచీలోనే ఉంది,
కార్యదర్శిని కదా.
ఇవాళ తలుపు తడితే
రెండొందల్లో ఒక్కటీ ఇంట్లో లేదు.

ఒడ్డున మంచు
అడుగేస్తే అప్పడంలా విరుగుతోంది.
దారం వెనక్కి లేచి, ఆకాశంలో ఒక క్షణం ఆలోచించి,
ముందుకు వెళ్ళి వాలుతోంది.
మూడు విసుర్లకోసారి కడ్డీ రింగుల్లో మంచు బిగుసుకుంటే
మెయిరియన్ వాటిని పెదాల మధ్య పెట్టుకుని ఊదుతుంది,
వాయించడం రానివాడి చేతికి
సన్నాయి దొరికినట్టు.
బ్రిన్ తిట్టుకుంటాడు. మొదట చలిని, తర్వాత లారీవాణ్ణి,
ఆ తర్వాత వరుసగా మా అందర్నీ.

ఇద్వాల్‌కి ఎనభై ఒకటి.
ఒకప్పుడు ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే
రాతిదిమ్మ పుస్తకంలా తెరుచుకునేదట.
ఇప్పుడు ఈగ కంటిలోకి దారం ఎక్కదు.
దారం ఒకవైపు వెళ్తుంది, చెయ్యి ఒకవైపు.

సాయం చేస్తానని ఎవరూ అనం.
ఎవరో ఒకరం దగ్గరికెళ్ళి
"ఈ ముడి సరిగ్గా ఉందా, కాస్త చూడు ఇద్వాల్" అని
మా కడ్డీ ఆయన చేతిలో పెడతాం.
ఆయన కళ్ళజోడు సర్దుకుని చూస్తాడు.
చూస్తున్నంతసేపూ
ఆయన కడ్డీ మా చేతుల్లో ఉంటుంది.
తిరిగిచ్చేసరికి దాని కొసన ఒక ఈగ ఉంటుంది.
నాలుగు శీతాకాలాలుగా ఇదే పద్ధతి.
నియమావళిలో రాయలేదు.

నెస్ట్‌కి పదేళ్ళు, ఇదే మొదటి ఏడు,
ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.
"తాతా, నీ చెయ్యి వణుకుతోంది.
నేను ఎక్కించనా?"
అవతలి ఒడ్డుదాకా వినపడింది.
బ్రిన్ తిట్టడం ఆపేశాడు.
నేను ఫ్లాస్కు మూత తిప్పుతూనే ఉన్నాను,
అది ఎప్పుడో ఊడి చేతిలోకొచ్చింది.

ఇద్వాల్ ఆ పిల్లని చూశాడు. తర్వాత మమ్మల్ని,
ఒక్కొక్కళ్ళనీ, తీరిగ్గా.
"ఎక్కించమ్మా," అన్నాడు.
"నాలుగేళ్ళ నుంచీ వీళ్ళు కట్టే ముడులు
ఒక్కటీ నిలవడం లేదు."

రెండు గంటలకి సరస్సు నడుమ నీళ్ళు చీలాయి.
మా భాషలో దాని పేరు నీటికుక్క.
నోట్లో మా ట్రౌట్.
అవతల మంచు అంచు మీద కూర్చుని, తలవైపు నుంచి మొదలుపెట్టి,
ఎముకలు నలిగే చప్పుడు మాదాకా వచ్చేలా,
మేం అసలు పుట్టనే లేదన్నట్టు
తింది.
మేం వరసగా నిలబడి చూశాం.
పిల్ల చప్పట్లు కొట్టింది.

దాన్ని పుస్తకంలో ఎక్కించాలంటాడు బ్రిన్.
చందా కట్టలేదంటుంది మెయిరియన్.
బల్ల దగ్గర, ఉల్లికాడల సూపు చల్లారేదాకా వాదన.
పెన్ను గడ్డకడితే పెన్సిల్‌తో రాశాను:

హాజరు పదకొండున్నర.
గాలి, ఈశాన్యం నుంచి, కోసేస్తూ.
చేపలు ఒకటి. పట్టినవారు, సభ్యులు కారు.

చీకటి పడుతోంది, ఇక పదండంటే
ఇద్వాల్ వినిపించుకోలేదు.
ఇంకొక్క విసురు అన్నాడు.
పిల్ల కట్టిన ఈగ ఇంకా ఉంది.