గడప ఎత్తు

ఆ రోజుల్లో నా చేతిలో ఒక ఇత్తడి కొలబద్ద ఉండేది.
దవడలు తెరిచి కాయ నడుము పట్టుకునేది.
ఇరవై ఏడు మిల్లీమీటర్లుంటే పెట్టెలోకి,
లేకపోతే పందులకి.

డొమినికాలో మా కొండవాళ్ళకి బుధవారం అంటే ఓడ రోజు.
తెల్లవారకముందే గెలలు దిగేవి
తలల మీద, ఎండుటాకు చుట్టకుదుళ్ళ మీద,
మచ్చ పడితే మళ్ళీ నా దగ్గరే పంచాయితీ.
యూడాక్సీ ప్రాస్పర్ గెల దించి నా మొహంలోకి చూసేది,
కొలబద్దకేసి చూసేది కాదు.
"ఆన్సెల్మ్, ఇవాళ నీ ఇత్తడికి ఆకలెంత?"

పచ్చిగానే వెళ్ళిపోయేవి.
సముద్రం దాటి, ఇంగ్లండులో ఏదో గోదాములో మాగేవి.
మేం చూసిన పచ్చ ఒకటి,
వాళ్ళు తిన్న పచ్చ ఇంకొకటి.
రెంటికీ మధ్య ఎక్కడో ఒక కాగితం.

ఆ కాగితం సంగతి మాకు చాలాకాలం పట్టలేదు.
పదిహేను రోజులకోసారి కవరు వచ్చేది.
రేకు కప్పులు, బడి బూట్లు,
అల్సీడ్ పికప్ బండికి వాయిదాలు,
చర్చికి కొత్త గంట, అన్నీ ఆ కవర్లోంచే.
నిమ్మచెట్లు నరికాం. కోకో పీకేశాం.
జాజికాయ ఉంచుకున్న ముసలి సిప్రియన్ని
"ఏం తాతా, బస్సు టికెట్టుకి జాజికాయలిస్తావా?" అన్నాం.
నేనూ నవ్వాను. గట్టిగానే.

ఒక శుక్రవారం రేడియో జెనీవా పేరెత్తింది.
ఎవరో ఫిర్యాదు చేశారట, ఎవరో తీర్పిచ్చారట.
షెడ్డులో అందరూ నా చుట్టూ మూగారు,
మిల్లీమీటర్లు తెలిసినవాడికి
ఇదీ తెలుస్తుందనుకుని.

చెప్పాను.
సుంకమంటే గడప.
మన కోసం దాన్ని నేలమట్టంగా చెక్కి ఉంచారు ఇన్నాళ్ళూ.
మిగతావాళ్ళకి మోకాలెత్తు.
ఇక వాళ్ళదీ ఏటా కాస్త కాస్త అరగదీస్తారట,
చివరికి అందరికీ ఒకటే ఎత్తు.

"న్యాయమేగా," అన్నారెవరో వెనకనుంచి.
నిజం చెప్పొద్దూ, నా నోట్లోంచి వచ్చేటప్పుడు
నాకూ అలాగే వినిపించింది.

యూడాక్సీ కాలు ముందుకు చాపింది.
మడమంతా పగుళ్ళు, పిక్క మీద పాత కత్తిగాటు.
"గడప ఒకటే ఎత్తు. సరే.
మైదానాల్లో తోటలున్నచోట
గెలలు తీగకి వేలాడుతూ షెడ్డు దాకా జారిపోతాయంటగా.
నా గెల నడిచేది దీని మీద.
దీన్నెవరు కొలిచారు?"

నా కొలబద్ద జేబులోనే ఉంది,
దవడలు మూసుకుని.

ఓడ రెండు వారాలకోసారి రావడం మొదలెట్టింది.
ఇక రాదని ఎవరూ చాటింపు వెయ్యలేదు.
మేమే ఎప్పుడో బుధవారాన్ని
ఉత్త బుధవారం అనడం నేర్చుకున్నాం.
అల్సీడ్ బండిని బ్యాంకువాళ్ళు తోలుకుపోయారు.
షెడ్డులో మేకలు. సాయంత్రమైతే డామినోలు.
గెలలకి తొడిగిన నీలం సంచులు కొమ్మల్లో చిక్కుకుపోయి
గాలి దూరినప్పుడల్లా
లోపల కాపున్నట్టే ఉబ్బేవి.

దయ అనుకున్నాం. దయే కావచ్చు.
దాని గడువు తేదీ మాత్రం
నేను సీలు వేసిన ఏ పెట్టె మీదా లేదు.

సిప్రియన్ ఒక్క మాట అనలేదు.
పాలడబ్బాల్లో జాజి మొక్కలు తెచ్చి
ఇంటికో రెండు పంచాడు.
"ఏడేళ్ళకి కాస్తుంది," అన్నాడు.
ఆ వారం అద్దె కట్టాల్సినవాళ్ళు
డబ్బా అందుకుని నేలచూపులు చూశారు.

మొన్న రోడ్డు మలుపులో యూడాక్సీ గెల పెట్టుకుని కూచుంది.
సన్నకాయ, తొక్క నిండా గీతలు.
ఇన్నేళ్ళయినా చెయ్యి జేబులోకే పోయింది.
"తియ్యకు. కంటితో చెప్పు."
"ఇరవై నాలుగు."
"ఉప్పుచేపతో ఉడకడానికి చాలు," అంది,
అత్తం విరిచి నా ఒళ్ళో వేస్తూ.