ఆశీలు

షెన్‌జెన్‌లో, బావోఆన్ పేటలో, ఐదో అంతస్తు.
కింది నూడుల్స్ కొట్టు ఆవిరి
మా కిటికీ దాకా ఎక్కి ఆగిపోతుంది.
పదకొండుమందిమి
చేతిలో పట్టే ఆటయంత్రాలు చేస్తాం.
బటన్లు నొక్కి చూడ్డానికి మెషీన్ ఉంది.
జాయ్‌స్టిక్ మాత్రం నేనే తిప్పి చూస్తాను,
రోజుకి రెండొందలు.
మెషీన్ చెప్పేది మా ఫాన్ దెజున్ నమ్మడు,
నా బొటనవేలు చెప్పాలి.

ఆ రాత్రి ధర తెలిసింది.
ఆటలమ్మే అంగడివాళ్లు, సముద్రం అవతలివాళ్లు,
సొంతంగా యంత్రం దించారు.
మేం తెరకీ బ్యాటరీకీ పోసే డబ్బుకి
వాళ్లది మొత్తం వచ్చేస్తుంది,
సంచీ కొసరు.

దెజున్ ఒకటి తెప్పించాడు.
ఎనిమిది స్క్రూలు విప్పి, బల్లమీద పరిచి
చాలాసేపు మాట్లాడలేదు.
"బాగా చేశారు" అన్నాడు చివరికి,
పక్కింటి కూర రుచి చూసినవాడిలా.

పోటీయేనా, అని అడిగింది
లెక్కలు రాసే మియావో చిన్.
ఏమని చెప్పడం?
సంతలో ఆశీలు వసూలు చేసేవాడు
తనూ ఓ మూల గోనె పరిచి వంకాయలు పోశాడు.
వంకాయల్లో నష్టమొస్తే వాడికేం,
మా గంప దగ్గరికొచ్చినవాడు కూడా
వాడికి రూక కట్టే బయటికెళ్తాడు.
వాళ్లకది గుమ్మం. మాకు ఇల్లు.

తర్వాతి వారం ఉత్తరం వచ్చింది, ఎంతో మర్యాదగా:
మా సాఫ్ట్‌వేర్ మీ యంత్రంలో పెట్టుకోండి,
పైసా అక్కర్లేదు.
దెజున్ సిగరెట్ తిరగేసి అంటించుకుని
తిట్టుకున్నాడు, సిగరెట్‌నో ఎవర్నో.
పెట్టుకున్నాం.
ఇప్పుడు మా యంత్రం వెలగ్గానే
ముందు కనిపించేది వాళ్ల గుర్తు.
మా పేరు వెనకాల, బ్యాటరీ మూత మీద,
చెమటకి చెరిగిపోయేటంత.

నిన్న హార్బిన్ నుంచి ఒకావిడ రాసింది.
క్రేన్ నడుపుతుందట, ఎడమచేతికి మూడే వేళ్లట,
బటన్లన్నీ కుడివైపుకి తేగలరా అని.
ఎన్ని కావాలి? ఒకటి.
ఆ అంగడివాళ్ల లెక్కలో ఒకటి అనే అంకె లేదు.
మా లెక్కలోనూ ఉండకూడదని
మియావో చిన్ పుస్తకం తెరిచి చూపించింది.
దెజున్ అప్పటికే అచ్చు కోస్తున్నాడు.

నేను ఎడమచేతి రెండు వేళ్లు మడిచి
పాతదొకటి పట్టుకు చూశాను.
జారింది.
అడుగున కాస్త గరుకు పెట్టాలి.