తనఖా

జీపు దిగిన బ్యాంకు కుర్రాడు
మేకల్ని లెక్కపెట్టాడు, రెండుసార్లు.
"నిరుడు మూడువందలు. ఇప్పుడు నూటపది.
మంచుకి చచ్చాయా, దులమ్ అవ్వా?"
"నేనే అమ్మేశాను."
పెన్ను ఆగింది. అప్పు పుట్టదన్నాడు.

గుర్రాల్ని పట్టే తాడు నేలమీద గుండ్రంగా పరిచి
మోకాళ్ళ మీద వంగమంది.
"ఇందులో గడ్డి లెక్కపెట్టు."

గోబీ అంచున గాలి. టై ఎగిరి మొహాన కొడుతోంది.
నలభై ఒకటి... ఒక పురుగు...
ఏదో ఊదా పువ్వు, పేరు తెలీదు...
తప్పి, మళ్ళీ మొదలు.

"అవి మేసింది వడ్డీ కాదు నాయనా,
వేళ్ళతో సహా అసలు."

ఉప్పు టీ చల్లారింది.
కాగితంలో గడ్డికి ఒక్క గడీ లేదు.
అంచున, చిన్న అక్షరాలతో, ఏదో రాసుకుని
మోకాళ్ళకంటిన మట్టి
దులుపుకోకుండానే జీపెక్కాడు.