సోలెడు

పొద్దున నాలుగున్నరకు హసన్‌పర్తి చర్చి గేటు కాడ
బస్సుల తలకాయలు లెక్కపెట్టేది నేను.
ట్రెజరర్‌ను గదా, చంకల పొడుగు నోటుబుక్కు.
ఒకపారి యాభై రెండొచ్చింది, ఇంకోపారి యాభై ఒకటి.
తల్లి భుజం మీదొకసారి, తాత ఒళ్లె ఒకసారి
నిదురపోయే షారోను పిల్లను రెండుమాట్ల లెక్కేసిన.
అయ్యగారు ప్రార్థన చేస్తుంటే
డ్రైవర్ ఖాజా తాళంచెయ్యి తిప్పకుండ
ఆమెన్ దాక ఆగిండు.

ఎల్కతుర్తి దాటంగనే పోరగాళ్లు కీర్తనందుకున్నరు.
హుస్నాబాద్‌ల ఛాయలు.
సిద్దిపేట రాకముందే ముగ్గురికి వాంతులు,
నిమ్మకాయలు అరవై రూపాయలు, రాసుకున్న.
సలోమమ్మ మాత్రం కిటికీ పక్కన
ఒళ్లె స్టీలు టిఫిను పెట్టుకొని
మూత మీది చెయ్యి తియ్యకుండ కూసున్నది.
ఏందే పెద్దమ్మా, పులిహోరనా?
"బాకీ" అన్నది.

రామాయంపేట బోర్డు కనబడంగనే నోరిప్పింది.
"మా అమ్మమ్మ వాళ్లమ్మది ఈ దిక్కే బిడ్డా.
కరువంట. బాయిల బురద గూడ ఎండిందంట.
మెదకుల గుడి కడుతున్నరు, పనికొస్తే గింజలిస్తరంటే
చంటిదాన్ని నడుముకు కట్టుకొని సున్నం మోసింది.
దినానికి సోలెడు బియ్యం.
ఒకనాడు కొలిచేటాయన పరాకుగ
రెండుమాట్ల పోసిండు కొంగుల.
ఈమె చెప్పలే.
చెప్పొద్దనుకోలే గూడ, నోరు రాలే.
సచ్చేటప్పుడు బిడ్డకు చెప్పింది, ఇచ్చేయండ్రి అని.
ఆ బిడ్డ మా అమ్మకు, అమ్మ నాకు.
నలుగురాడోళ్లం మోసినం ఆ సోలెడు.
ఇంట్ల ఎన్నడన్న సోలెడు మిగిలితే గదా?"

మెదకుల ముందుగాల శిఖరం కనబడ్డది,
చెట్ల ఎనక దాక్కున్నది, మల్ల కనబడ్డది.
చెప్పులిడిసి మెట్లెక్కుతుంటే అరికాళ్లు సుర్రుమన్నయి.
లోపల కుండల నీళ్ల లెక్క సల్లదనం.
అద్దాల కిటికీలకెంచి కింద పడ్డ రంగుల మీద
నీలం నాది, ఎర్రది నాదని పిల్లలు కాళ్లు పెడుతున్నరు.
గద్దించబోయిన అయ్యగారు
తన తెల్లంగీ మీద పడ్డ ఊదారంగు చూసుకొని ఊకున్నడు.

సలోమమ్మ కానుకపెట్టె ముందల నిలబడ్డది.
సన్నటి సందు. నోటు పడుతది, బిళ్ల పడుతది.
గింజలెట్ల పోస్తది?
"ఫోన్ల గూడ కొట్టొచ్చమ్మా" అని
కావలాయన బోర్డు చూపెట్టిండు.
ఆమె అటు చూసింది, ఇటు చూసింది,
కొలిచేటాయన ఏ స్తంభం చాటునో
అన్నం తినిపోయొస్తడన్నట్టు
జరసేపు కూసున్నది.

బయట వేపచెట్ల కింద మనోళ్ల పొయ్యి.
ఎసరు మర్లుతుంది.
సలోమమ్మ అడగలే, చెప్పలే, మూత తీసి వంచింది.
గరిటె పట్టుకున్న మార్తమ్మ లబలబలాడింది:
"అయ్యో, మనయి దొడ్డు బియ్యం, నీయి సన్నయి!
ఒకటి మెత్తగైతది, ఒకటి పలుకైతది!"
"కానీ తియ్" అన్నది.

అన్నంల అక్కడక్కడ పలుకు తగిలింది.
ఎవ్వరేమనలే. ఖాజా రెండోపారి పెట్టిచ్చుకున్నడు.
నువ్వు తినవా అంటే చెయ్యడ్డం పెట్టింది.
"నేను తింటే మల్ల మోసుకపోయినట్టే."
మంచినీళ్లు తాగింది రెండు గిలాసలు.

తిరుగు బస్సుల లైటు కింద లెక్క రాస్తున్న.
డీజిలు, ఛాయలు, నిమ్మకాయలు, విస్తర్లు.
సోలెడు బియ్యం...
జమ దిక్కు పెట్టిన పెన్ను ఖర్చు దిక్కు జరిపిన,
మల్ల జమ దిక్కు.
బస్సు గుంతల పడ్డది, గీత అడ్డంగ
రెండు దిక్కుల్ల పోయింది.
ఆదివారం కమిటీ అడుగుతది.

సలోమమ్మ నోరు తెరిసి నిదురపోయింది.
మూత లేని టిఫిను
సీటు కింద మలుపు మలుపుకు దొర్లుతుంది,
తీసి పెడుదామని ఎవ్వరం లేవలే.