సగం గిన్నె

ఆస్తానాలో ప్రభుత్వ అతిథిగృహం. బయట మైనస్ ముప్పై రెండు.
నది ఎంత గట్టిగా గడ్డకట్టిందంటే
మీద లారీ పోయినా నోరు విప్పదు.
లోపల నేను, రబీగాని,
పదిహేడేళ్లుగా టీ పోస్తున్నదాన్ని.

మాలో గిన్నె నిండా పోయరు.
సగం పోస్తే,
ఉండు, మళ్లీ పోస్తాను, నీ మాట ఇంకా వినాలి అని.
అంచుదాకా పోస్తే, ఇక లేచి వెళ్లమని.
కొత్తకోడలికి మా అత్త నేర్పిన విదేశాంగ విధానం ఇంతే.
మంత్రిగారికి నలభై పేజీలు పడుతుంది.

సోమవారం ఉత్తరంవాళ్లు వస్తారు.
మా చమురు సముద్రం చూడాలంటే
వాళ్ల నేల కిందుగానే పాకాలి.
బుధవారం తూర్పువాళ్లు.
వాళ్ల రైలు ఆగితే మా బజార్లో చెప్పులుండవు.
శుక్రవారం సముద్రాల అవతలివాళ్లు,
మా గుర్రాల్ని మెచ్చుకుంటూ యురేనియం ధర అడుగుతారు.
అందరూ మిత్రులే.
జెండాకర్రల ఎత్తు దౌలెత్ రెండుసార్లు కొలుస్తాడు,
మూడోసారి కళ్లతో.

ఈసారి మంచుతుఫాను వారాల్ని కలిపేసింది.
సోమవారంవాళ్ల విమానం ఎగరనే లేదు.
గాలి తెరిపిచ్చిన ఒక్క గంటలో
శుక్రవారంవాళ్లు దిగిపోయారు.
ఒకటే సమోవర్, రెండు గదులు,
మధ్య నలభై ఒక్క అడుగుల వరండా.
ఈ గది నవ్వు ఆ గదికి వినపడకూడదు.
ఆ గది మౌనం ఈ గదికి తెలియాలి.

పెద్దాయన ఒకాయన గిన్నె ఎత్తి చూపించాడు.
"ఇంతేనా? పక్కగదిలో నిండా పోశావటగా?"
దుబాసీ కుర్రాడు సగం వాక్యం చెప్పి నీళ్లు నమిలాడు.
నిండా పోస్తే వెళ్లమన్నట్టు.
పోయకపోతే పెట్టే చెయ్యి కాదన్నట్టు.
కత్తి మీద సాము అంటారు గాని
నాకు కత్తయినా లేదు, పింగాణీ అంచొక్కటే.

సగమే పోశాను.
పోసి, వెనక్కి జరగలేదు.
గుక్క దిగగానే మళ్లీ సగం.
మళ్లీ.
పదకొండు గిన్నెలు.
పన్నెండోదానికి ఆయనే అరచెయ్యి అడ్డం పెట్టాడు.
నవ్వాడో లేదో చూళ్లేదు,
అవతలి గదిలో గంట మోగింది.

మధ్యన నిలబడ్డమంటే ఊరికే నిలబడ్డమనుకుంటారు.
నా మణికట్టునడగండి.

రాత్రి ఇంట్లో, పైపులైన్లో పనిచేసే తమ్ముడూ
రైల్వేలో పనిచేసే మరిదీ
ఒకే బల్ల మీద పిడికిళ్లు గుద్దుకుంటున్నారు.
"వదినా, నువ్వు చెప్పు, ఎవరి వైపు?"
"అక్కా, నిజం చెప్పు."

ఉప్పుమూటతో చేతికి కాపడం పెట్టుకుంటూ
గిన్నెలు ఇటివ్వమన్నాను.