యాడికి?

పొద్దున ఏడింటికి
కొత్తిమీర కట్ట కోసం నేను కోటేసుకుని దిగితే
గిరింపేటలో మా వీధి వీధంతా ఆగి అడుగుతాది:
"యాడికి సామీ?"

పొయ్యేవాణ్ణి యాడికని అడగరాదంటారు పెద్దోళ్లు.
లుంగీ కట్టినోడికి దక్కే ఆ మర్యాద
కోటేసినోడికి లేదు.

ఇడ్లీల కుప్పమ్మ పెండ్లిచూపులనుకుంటాది,
నలభై ఆరేండ్లకా అని మళ్లీ తనే నవ్వుకుంటాది.
సైకిల్ షాపాయన ఎవరో ఆఫీసరనుకుని బీడీ దాస్తాడు,
దగ్గరికొచ్చినాక "థూ, నువ్వా" అని మళ్లీ ముట్టిస్తాడు.
మొన్నొకాయన నన్ను వకీలనుకుని
తన గెనిమ తగాదా అంతా చెప్పినాడు
సగం దారి నాతో నడిచి.
విన్నాను.
కోటేసుకున్నాక వినకపోతే బాగుండదు.

నా పని బెల్లం మండీలో తూకం రాసేది.
ఈగలకు కాలరంటే గౌరవం లేదు.
చీమలకు అసలే లేదు,
లోపలి జేబులో, పెన్ను పెట్టుకునే చోట
వాటికొక సంసారముంది.
రోహిణి కార్తెలో రోళ్లు పగిలేటప్పుడు
లైనింగు గుడ్డ తడిసి
ఇంకో చర్మం లాగా వీపుకంటుకుంటాది.
షావుకారు బనీనుతో కూర్చోనుంటాడు,
టై బిగించుకుని నేను ఆయన లెక్క రాస్తుంటాను.
కొత్తగా వచ్చిన రైతు దండం నాకు పెడతాడు.
షావుకారు దగ్గుతాడు.

జనానికి కారణం కావాల.
గుండీకి కాజా ఉన్నట్టు
ప్రతిదానికీ ఒకటి ఉండాలంటారు.
ఒకరికి మొక్కు అని చెప్పినాను.
ఒకరికి డాక్టరు రాసిచ్చినాడని.
ఒకరికి, ఉండే చొక్కాలన్నీ చినిగిపోయినాయని.
ఆయన రెండు చొక్కాలు తెచ్చిచ్చినాడు, మంచోడు.

నిజం చెప్తే చిన్నదిగా ఉంటాది.
తమ్ముడి పెండ్లిలో ఫోటోకని
చర్చి వీధిలో నాకొక కోటు బాడుగకు తెచ్చినారు.
మర్నాడు పదింటికి తిరిగియ్యాల,
లేకుంటే ఇంకో దినం బాడుగ.
తొమ్మిదికే తొడుక్కుని, దగ్గిర దారి వదిలేసి
నీవా వంతెన మీదిగా పోయినాను.
కింద నీళ్లు లేవు,
ఇసకలో పిల్లోళ్లు గోలీలాడుతుండారు.
వంకాయలు బేరమాడినాను, కొనలేదు.
ఒక టీ తాగినాను.
గ్లాసెత్తితే మణికట్టు దగ్గిర
తెల్ల చొక్కా వేలెడు బయటికొచ్చి చూసింది.
అంతే. అంతే జరిగింది.
పదింటికి విప్పి బల్ల మీద పెట్టి
ఎండలోకి వస్తే
నా భుజాలు దేన్నో వెతుక్కుంటా ఉండాయి.

నాలుగేండ్ల చీటీ డబ్బులతో
అన్వర్ బాషా కుట్టినాడు దీన్ని, ముదురు వక్క రంగు.
"ఫంక్షనెప్పుడు?" అన్నాడు, టేపు ఛాతీకి చుట్టి.
"రోజూ."
పెన్సిలు ఆపినాడు.
చంకల కింద ఇంకో అంగుళం వదిలినాడు.
పనోడు.

పోయిన ఆదివారం హమాలీ మొగిలప్ప వచ్చినాడు.
గడప అవతలే నిలబడి
కడుక్కున్న చేతులు అటూ ఇటూ తిప్పి చూపించినాడు.
"ఒక్కసారి" అన్నాడు.

ముప్పై ఏండ్ల మూటలకు కిందికి దిగిన ఎడమ భుజం
పోలా, పోలా, పోయింది.
యాడో ఒక కుట్టు పుటుక్కుమనింది.
ఇద్దరం విననట్టే ఉన్నాము.
టై కట్టేటప్పుడు పైకి చూసినాడు,
మంగలి ముందర కూర్చున్న పిల్లోడి మాదిరి.

ఆయన ముందర, నేను వెనక.
నా ఒంటిమీద బనీను,
భుజాన ఆయన తుండుగుడ్డ.
వీధి ఆగింది.

"యాడికి మొగిలప్పా?"

"టీకి."

ఇంకెవరూ ఏమీ అడగలా.
ఏడేండ్లుగా నాకు తోచని జవాబు.

రెండు గ్లాసులు తాగినాడు, నిదానంగా,
వేడి ఊదకుండా.
సాయంత్రం మడిచి, పేపర్లో చుట్టి తెచ్చిచ్చినాడు.
లోపలి జేబులో బెల్లం ముక్క ఒకటి ఉండాది.
తియ్యలేదు నేను.
వాళ్ల సంసారం వాళ్లది.