శాలువా కింద

హర్గెయిసా పశువుల సంతలో నాది టీ కొట్టు.
కొట్టంటే ఏముంది, రెండు ఫ్లాస్కులు, తిరగేసిన పాలడబ్బా,
అప్పులు రాసుకునే అట్టముక్క.
ఒంటెల దుమ్ములో యాలకుల వాసన ఎంతసేపు నిలుస్తుందో
నాకు తెలుసు. మూడు గుక్కలు.

ఇవాళ నా ఎదురుగానే బేరం.
అవాలె కుడిచెయ్యి, సమతర్ కుడిచెయ్యి
ఒకే శాలువా కిందికి దూరాయి.
ఇక్కడ ధర నోటితో చెప్పరు.
వేలు పట్టుకుంటే వంద,
అరచేతిలో గీరితే అందులో సగం.
పైకి మాత్రం ఇద్దరూ
రాని వానల గురించి మాట్లాడుకుంటారు.

సమతర్‌కి తొందర. బెర్బెరా రేవులో ఓడ
తెల్లారేలోగా నిండాలి.
ఆ తొందరని గడ్డంలో దాచుకున్నాడు గానీ
చెప్పులోంచి బొటనవేలు బయటికొచ్చి
నేలని తవ్వుతూనే ఉంది.
నేను చూశాను. అవాలె చూడలేదు.
అవాలె ఒంటెని చూస్తున్నాడు,
దాని మెడలో కొయ్యగంటని,
కరువేడు పోయిన తమ్ముడు చెక్కినదాన్ని.

శాలువా ఉలిక్కిపడింది. ఆగింది. మళ్ళీ కదిలింది.
ముందు చెయ్యి లాక్కున్నవాడిదే పైచేయి అంటారు.
నిజమే, కానీ వాడు ఉత్తచేతులతో
ఇంటికి పోగలిగినవాడై ఉండాలి.
పోగలనని నటిస్తే
అరచెయ్యి చెమటపట్టి చెప్పేస్తుంది.

ఉన్నట్టుండి అవాలె వేళ్ళు తడబడ్డాయి.
అంకెలకు వేళ్ళున్నాయి,
గంటకి ఏ వేలు?
చివరికి నోరే తెరవాల్సి వచ్చింది:
"గంట నాకుంచు. వంద తగ్గిస్తా."

సమతర్‌కి గంటతో పనేముంది,
ఓడలో మోగి కాపలావాళ్ళ నిద్ర చెడగొట్టడం తప్ప?
అడిగితే ఊరికే ఇచ్చేవాడు.
అయినా దవడ బిగించి,
బరువైనదేదో వదులుకుంటున్నవాడిలా
చాలాసేపు ఆలోచించాడు.
ఆ ఆలోచన ఖరీదు వంద డాలర్లు.
చెప్పొద్దూ, ఓడ కోసం
ఇంకో రెండొందలు పెట్టడానికొచ్చినవాడే.

బేరం తెగింది.
శాలువా దులిపితే ఏమీ రాలలేదు.

గెలిచిన ఊపులో సమతర్ టీలో
చక్కెర ఎక్కువ వేయించుకున్నాడు.
అవాలె గంటని ఒళ్ళో పెట్టుకుని
మోగకుండా లోపలి పుల్లని వేలితో నొక్కిపట్టాడు.
అదే వేలు. ఇందాక వంద అన్న వేలు.

ఎవరు మోసపోయారో లెక్క వేద్దామని
అట్టముక్క తీశాను. కుదరలేదు.
ఒక్కొక్కరి తూకంరాళ్ళు ఒక్కోలా ఉన్నాయి.

టీ డబ్బులు నేనిస్తానంటే నేనని
ఇద్దరూ ఒకేసారి చేతులు చాపారు,
ఈసారి శాలువా లేకుండా.
కాదనడం మర్యాద కాదు కదా,
ఇద్దరి దగ్గరా తీసుకున్నాను.